నిలబడ్డ చోటే టూరింగ్ బైక్ పడిపోతే నష్టం తగ్గించుకోవడం ఎలా

లగేజీ కట్టిన పెద్ద బండి పడిపోయిందంటే వినేవాళ్లు యాక్సిడెంట్ అనుకుంటారు. చాలాసార్లు అంత కథేమీ ఉండదు. పెట్రోల్ కోసం ఆగబోతూ, గులకరాళ్ల మీద యూటర్న్ తిప్పుతూ, సైడ్ స్టాండ్ మెత్తటి నేలలో దిగబడి, వెనక కూర్చునే మనిషి చెప్పకుండా ఎక్కబోయి, ఇలా నడక వేగంలోనే పక్కకి ఒరిగిపోతుంది. మనిషికి గీత కూడా పడకపోవచ్చు. కానీ క్లచ్ లివర్ మొదలంటా విరిగితే ఆ రోజు ప్రయాణం అక్కడితో సరి. ఇంజిన్ కవర్‌కి కన్నం పడితే ఆయిల్ మొత్తం కారిపోయి బండిని వ్యాన్ ఎక్కించాల్సి వస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా అలాంటి పడిపోవడాల గురించే. వేగంలో జారిపడితే లెక్క వేరు. క్రాష్ గార్డు (ఇంజిన్ పక్కన బిగించే పైపు చట్రం) ఉంది కదా అని అప్పుడు మీ కాలికి ఏమీ కాదనుకోకండి, అది బండి కోసం పెట్టేది.

ఎంత జాగ్రత్తగా నడిపినా బరువైన బండి ఎప్పుడో ఒకసారి చెయ్యి జారుతుంది. అలా జారినప్పుడు ఏ భాగం నేలకు తగలాలో మాత్రం మనం ముందే నిర్ణయించుకోవచ్చు. గార్డు నుంచి గేర్ రాడ్ దాకా కింద చెప్పే బిగింపులన్నీ దానికోసమే.

ముందు కర్రతో కొలవండి

గార్డు కొనక ముందే చేయాల్సిన పని ఇది. పెద్ద ఖర్చూ లేదు, ఎక్కువ సేపూ పట్టదు. అయినా దీన్ని వదిలేసి నేరుగా కేటలాగ్ తెరుస్తారు.

చదునైన నేల మీద ఎవరినైనా బండిని నిటారుగా పట్టుకోమనండి. రెండు చక్రాలూ నేల మీదే ఉండాలి కాబట్టి సెంటర్ స్టాండ్ వద్దు, సైడ్ స్టాండ్ కూడా మడిచేయండి. ముందు టైరు నేలకు ఆనిన చోటి నుంచి వెనక టైరు ఆనిన చోటి దాకా సుద్దముక్కతో ఒక గీత గీయండి. రెండు మీటర్ల తిన్నని కర్ర తీసుకుని, ఒక కొనను ఆ గీత మీద పెట్టి, కర్రను బండికి అడ్డంగా బయటి వైపు నేల మీద పడుకోబెట్టండి. గీత మీది కొన కదలకుండా చూసుకుంటూ రెండో కొనను మెల్లగా పైకి లేపండి. బండి నేల మీదికి పడే బదులు నేలే బండి మీదికి లేస్తోందన్నమాట. కర్ర దేనికి తగిలి ఆగిందో చూసి, ఆ క్షణంలో బయటి కొన నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాసుకోండి.

ఇదే పనిని ముందు చక్రం వెనక నుంచి బాక్సుల దాకా జానెడు జానెడు జరుపుతూ చేయండి. ఎత్తు ఎక్కడ అన్నిటికంటే తక్కువ వచ్చిందో, బండి పడినప్పుడు మొదట నేలకు తగిలేది ఆ భాగమే. గార్డు లేని బండికి సాధారణంగా అది ఫుట్ రెస్ట్, హ్యాండిల్ కొన, సైడ్ బాక్స్, వీటిలో ఒకటవుతుంది. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి కూడా కొలవండి. ఆగిన చోట పడే బండి చాలావరకు హ్యాండిల్ తిరిగి ఉండగానే పడుతుంది, అప్పుడు లివర్ కొన ఉండే చోటు పూర్తిగా మారిపోతుంది.

బండి ఒక్క చోటు మీద నిలవదు. ముందు భాగం మొదట తగిలితే, దాని ఆధారంగా తిరిగి వెనక భాగంలో ఇంకేదో తగిలేదాకా ఒరుగుతూనే ఉంటుంది. అందుకే ముందొకటి, వెనకొకటి గట్టి ఆధారం కావాలి. ఆ రెండూ ఏవో తేలాక కర్రను బండి పొడవునా వాటికి ఆనించి పెట్టండి. ఆ కర్రను దాటి బయటికి పొడుచుకొచ్చేవన్నీ నేల దెబ్బ తినేవే.

కొన్ని బండ్లకు తయారీదారులే ఈ లెక్క వేసి ఇస్తారు. 360 కిలోలు దాటే హోండా గోల్డ్ వింగ్‌కి ముందు ఇంజిన్ పక్కన, వెనక బాక్సుల దగ్గర గార్డులు ఉంటాయి, పక్కకి వాలినా వాటి మీద ఆగిపోతుంది. బీఎండబ్ల్యూ బాక్సర్ ఇంజిన్లలో సిలిండర్లే రెండు పక్కలకీ పొడుచుకొస్తాయి. బండి పూర్తిగా పడుకోకుండా అవి ఆపుతాయి గానీ నేలకు తగిలేది సిలిండర్ హెడ్ కవరే, కాబట్టి దానికి రక్షణ తప్పనిసరి.

క్రాష్ గార్డు ఎంచుకోవడం, బిగించడం

ముందు ఆధారం అంటే మామూలుగా క్రాష్ గార్డే. కొనేటప్పుడు మెరుపు చూడకండి, అది బండికి ఎన్ని చోట్ల, ఎక్కడెక్కడ పట్టుకుంటోందో చూడండి. ఒక్కో పక్క కనీసం రెండు చోట్ల, వీలైతే మూడు చోట్ల ఫ్రేమ్‌కి లేదా ఇంజిన్ మౌంటింగ్ బోల్టులకి పట్టాలి. కుడి ఎడమ గార్డులను ఇంజిన్ కిందనో ముందో కలుపుతూ అడ్డకడ్డీ ఉంటే ఇంకా మంచిది, దెబ్బ ఒక బోల్టు మీదే పడకుండా రెండో పక్కకీ పంచుకుంటుంది. ఒకే ఒక్క బోల్టుకి వేలాడుతూ బయటికి పొడుగ్గా చాచుకున్న గార్డు లేనిదానికంటే ప్రమాదం. పడినప్పుడు అది మీటలా పనిచేసి బోల్టును వంచుతుంది, కొన్నిసార్లు ఫ్రేమ్ మీది చెవిని, ఇంజిన్ కేసింగ్‌ని కూడా పగలగొడుతుంది. రెండొందల రూపాయల లివర్ కాపాడబోయి ఇంజిన్ పోగొట్టుకునే వ్యవహారం అది.

స్టీలు పైపు వంగుతుంది, వంగుతూ దెబ్బను మింగుతుంది. గార్డు అసలు పని అదే. వంగని గార్డు ఆ దెబ్బనంతా ఫ్రేమ్‌కి పంపిస్తుంది. అందుకే బండి పడ్డాక గార్డు వంగిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే నాకు ఆ గార్డు మీద గౌరవమే పెరుగుతుంది.

బిగించేటప్పుడు వరుస ముఖ్యం. ఇంజిన్ మౌంటింగ్ బోల్టు తీయాల్సి వస్తే ముందు ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాక్‌తో బరువు కొంచెం ఆనించండి. ఒకసారికి ఒకే బోల్టు తీయండి, అది మార్చి వేలితో బిగించాకే రెండోదాని జోలికి పోండి. అన్ని బోల్టులూ వదులుగా ఎక్కాక, గార్డు ఎక్కడా లాగిపట్టకుండా తనంతట తాను కుదురుకుందో లేదో చూడండి. పానాతో లాగి బలవంతంగా రంధ్రాలు కలిపితే ఆ ఒత్తిడి ఫ్రేమ్‌లో ఎప్పటికీ ఉండిపోతుంది. ఇదంతా అయ్యాకే, బిగువును కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఇచ్చిన లెక్క ప్రకారం బిగించండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి, కొత్త గార్డు బోల్టులు కాస్త వదులవడం మామూలే.

బిగించాక హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. ముందు ఫోర్క్‌ని (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) నొక్కి మడ్‌గార్డు ఎక్కడైనా తగులుతోందా చూడండి. ఆయిల్ ఫిల్టర్ తీయడానికి చెయ్యి పడుతుందా లేదా అన్నదీ ఇప్పుడే తేల్చుకోండి. అదనపు లైట్లు గార్డుకే పెట్టేవాళ్లు వాటిని పైపుకి లోపలి వైపు బిగించాలి. బయటి వైపు పెడితే ముందు పగిలేవి అవే.

గార్డు పట్టని బండ్లకు ఫ్రేమ్ స్లైడర్లు ఉన్నాయి. గట్టి ప్లాస్టిక్ గుండ్లు, పొడవాటి బోల్టుతో ఇంజిన్ మౌంటింగ్‌కి పడతాయి. ఆగిన చోట పడే తేలికపాటి బండికి సరిపోతాయి. నిండా లగేజీ ఉన్న టూరింగ్ బండికి అవి సరిపోతాయని నేననుకోను, పైగా పొడుగైన స్లైడర్‌తో ఆ మీట సమస్యే మళ్లీ వస్తుంది.

వెనక ఆధారం

సైడ్ బాక్సులు పెట్టుకున్నవాళ్లకి వెనక ఆధారం అవే. గట్టి అల్యూమినియం బాక్సు పడితే మూల సొట్టపోతుంది, మూత సరిగ్గా మూసుకోదు, వానలో నీళ్లు దిగుతాయి. సొట్ట కంటే పెద్ద తలనొప్పి దాన్ని పట్టుకునే ఫ్రేమ్ వంగడం. అందుకే బాక్సు గొప్పగా ఉండి ఫ్రేమ్ నాసిరకంగా ఉన్న సెట్ కొనకండి. రెండు పక్కల ఫ్రేమ్‌లను నంబర్ ప్లేట్ వెనకగా కలిపే అడ్డకడ్డీ ఉందా చూడండి, లేకపోతే పెట్టించండి. మెత్తటి బ్యాగులైతే పగిలేదేమీ ఉండదు, కాలు కింద ఇరుక్కున్నా దెబ్బ తక్కువ. అయితే వాటికి ఫ్రేమ్ లేకపోతే సైలెన్సర్, ఇండికేటర్ నేరుగా నేలకు తగులుతాయి. మెత్తటి బ్యాగు, లోపల గట్టి పైపు ఫ్రేమ్, ఈ రెండూ కలిస్తే నాకు నచ్చిన అమరిక.

హ్యాండిల్ దగ్గర

ఎక్కువసార్లు విరిగేది లివరే. దానికి చవకైన ఉపాయం లివర్‌ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లాంప్‌ని మరీ గట్టిగా బిగించకపోవడం. నడిపేటప్పుడు కదలకూడదు, అరచేత్తో గట్టిగా కొడితే మాత్రం హ్యాండిల్ చుట్టూ కాస్త తిరగాలి. క్లాంప్ కింద ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు ఒకటి రెండు చుట్లు చుడితే ఈ బిగువు సరిగ్గా కుదురుతుంది. బండి పడినప్పుడు లివర్ విరిగే బదులు పక్కకి తిరుగుతుంది, మళ్లీ చేత్తో సరిచేసుకోవచ్చు. మిర్రర్లనూ అలాగే, తిరిగేంత బిగువులోనే ఉంచండి.

రెండోది హ్యాండ్ గార్డు. చలిగాలి ఆపే ఉత్త ప్లాస్టిక్ గార్డు ఇక్కడ పనికిరాదు. లోపల అల్యూమినియం పట్టీ ఉండి, ఒక కొన హ్యాండిల్ చివర, రెండో కొన హ్యాండిల్ మధ్య వైపు బిగుసుకునేదే లివర్‌ని కాపాడుతుంది. బిగించాక లివర్ పూర్తిగా నొక్కి, వదిలి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి, బ్రేక్ హోస్, కేబుళ్లు ఎక్కడా నలగడం లేదని చూసుకోండి.

కొన్ని లివర్లకు చివరి భాగంలో సన్నటి గాడి ఉంటుంది, పడితే అక్కడే తెగి రెండు మూడు వేళ్లకు సరిపడా ముక్క మిగులుతుంది. అలాంటివి దొరికితే కొనుక్కోండి. ఇంట్లో ఆకురాయితో గాడి పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. బ్రేక్ లివర్‌కి మాత్రం ఆ పని చేయకండి.

కాళ్ల దగ్గర

గేర్ రాడ్ లోపలికి వంగి ఇంజిన్ కవర్‌కి గుచ్చుకోవడం పాత సమస్యే. కొన దగ్గర స్ప్రింగ్‌తో మడిచే గేర్ రాడ్, బ్రేక్ పెడల్ దొరుకుతాయి, మీ బండికి ఉంటే వేయించండి. ఇంజిన్ కవర్లలో మాగ్నెట్ ఉండే వైపు, క్లచ్ ఉండే వైపు బయటికి ఉబ్బి ఉంటాయి. కర్ర పరీక్షలో గార్డును దాటి అవి బయటికి వస్తే, వాటి మీద అతికించే లేదా బోల్టులతో కూర్చునే అదనపు కవర్లు వేయడం తెలివైన పని. ఆయిల్ పోవడమంటే బండి పోవడమే.

పడకుండా: స్టాండ్, బరువు

సైడ్ స్టాండ్ పాదం చిన్నది. మట్టిలో, ఇసుకలో, ఎండకు మెత్తబడ్డ తారులో మెల్లగా దిగిపోతుంది, మీరు టీ తాగి వచ్చేలోపు బండి కింద ఉంటుంది. పాదాన్ని వెడల్పు చేసే ప్లేటు బిగించుకోండి, లేకపోతే అరచేతి వెడల్పు గట్టి బిళ్ల ఒకటి ట్యాంక్ బ్యాగులో పెట్టుకోండి.

వాలులో నిలిపేటప్పుడు ముందు చక్రం ఎగువ వైపు ఉండాలి, ఫస్ట్ గేర్‌లో వేసి మెల్లగా వెనక్కి వదిలితే గేర్ పట్టుకుంటుంది. అప్పుడు స్టాండ్ మీదికి దించండి. హ్యాండిల్ స్టాండ్ ఉన్న వైపుకే తిప్పి ఉంచితే ఎక్కువ స్థిరంగా ఉంటుంది. ముందు చక్రం పల్లం వైపు పెడితే బండి ఒక్క అంగుళం ముందుకు జరిగినా స్టాండ్ మడుచుకుపోతుంది.

బాగా లగేజీ ఎక్కితే వెనక సస్పెన్షన్ కుంగి, స్టాండ్ మీద బండి మరీ నిటారుగా నిలబడుతుంది. చిన్న గాలికే అవతలి వైపు పడుతుంది. ప్రీలోడ్ (వెనక స్ప్రింగ్ ముందస్తు బిగువు) పెంచడం మరచిపోకండి. ఎత్తు తగ్గించిన బండికి పాత స్టాండే ఉంచేస్తే కూడా ఇదే జరుగుతుంది, స్టాండ్ కూడా పొట్టి చేయించాలి.

బరువు కిందికి, మధ్యకి. పనిముట్లు, నీళ్లు, విడిభాగాలు సైడ్ బాక్సుల అడుగున పోవాలి. టాప్ బాక్సులకు తయారీదారులు పెట్టే పరిమితి చాలావరకు 5 నుంచి 10 కిలోల మధ్యే ఉంటుంది, అందులో స్వెటర్లు, స్లీపింగ్ బ్యాగ్ లాంటివి వేయండి. 20 లీటర్ల పెట్రోల్ దాదాపు 15 కిలోలు. ట్యాంకు నింపిన వెంటనే బండి తీరు మారినట్టు అనిపిస్తే అది మీ భ్రమ కాదు.

నడపడంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. నడక వేగంలో హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేక్ పట్టుకోకండి, వెనక బ్రేకుతో ఆపండి. వెనక కూర్చునేవాళ్లు మీ రెండు పాదాలూ నేల మీద ఉండి, మీరు సరే అన్నాకే ఎక్కాలి, అలాగే దిగాలి.

పడిపోతుంటే, పడిపోయాక

ఒక కోణం దాటాక బండిని ఆపలేరు. ఆ సంగతి చేతులకు తెలిసిపోతుంది. అప్పుడు పట్టుకుని వేలాడకండి, కాలు కింద పెట్టి ఆపబోకండి, వదిలేసి పక్కకి జరగండి. ఇంత సరంజామా బిగించింది ఆ క్షణంలో ధైర్యంగా వదిలేయడానికే. లివర్ కొత్తది దొరుకుతుంది, నడుం దొరకదు.

ఇంజిన్ ఇంకా తిరుగుతుంటే వెంటనే కిల్ స్విచ్ నొక్కి తాళం ఆపేయండి. పెట్రోల్ కారుతోందేమో చూడండి. రోడ్డు మీద వచ్చే బండ్లకు ఎవరో ఒకరు సైగ చేయాలి. ఊపిరి తీసుకున్నాకే లేపడం. తొందరపడి వంగి లాగితేనే నడుం పడుతుంది.

బండి కుడి వైపు పడితే లేపకముందే సైడ్ స్టాండ్ బయటికి తీసి ఉంచండి, లేచాక అటు వాలినా ఆగుతుంది. ఎడమ వైపు పడితే ఆ వీలు లేదు, కాబట్టి అవతల ఒక మనిషి ఉంటే మంచిది. వీలైతే గేర్‌లో వేయండి, లేదంటే ముందు బ్రేక్ లివర్‌ని పట్టీతో కట్టేయండి. బరువైన బాక్సులు ఊడదీయండి. హ్యాండిల్‌ని బండి పడిన వైపుకే పూర్తిగా తిప్పి, సీటుకి వీపు పెట్టి, నడుం కింది భాగం సీటు అంచుకి ఆనించి కూర్చున్నట్టు వంగండి. ఒక చేత్తో దగ్గరగా వచ్చిన హ్యాండిల్ పట్టును, రెండో చేత్తో వెనక కూర్చునేవాళ్లు పట్టుకునే కడ్డీనో (గ్రాబ్ రైలు) ఫ్రేమ్‌నో పట్టుకోండి. వీపు నిటారుగా ఉంచి, కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ నెట్టండి. నిటారు దగ్గరికి వచ్చేసరికి బరువు ఉన్నట్టుండి తేలికైపోతుంది. అక్కడ నెట్టడం ఆపకపోతే బండి రెండో వైపు పడుతుంది.

లేపిన వెంటనే స్టార్ట్ చేయకండి. పక్కకి పడుకున్న ఇంజిన్లో ఆయిల్ సిలిండర్లోకో ఎయిర్ ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్సులోకో పోయి ఉండొచ్చు, కార్బురేటర్ బండ్లలో పెట్రోల్ కూడా. ద్రవం గాలిలా కుదించుకోదు. సిలిండర్ నిండా ఆయిల్ ఉండగా స్టార్టర్ నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాసేపు నిటారుగా ఉంచి, ఆయిల్ మట్టం చూసి, తర్వాత క్షణకాలం స్టార్టర్ నొక్కండి. టక్కున ఆగిపోతే మళ్లీ అలాగే నొక్కకుండా, స్పార్క్ ప్లగ్గులు విప్పేసి ఇంజిన్ని తిప్పి ఆ ద్రవాన్ని బయటికి పోనివ్వాలి. ఇంజిన్ అసలు స్పందించకపోతే కంగారు వద్దు, చాలా బండ్లలో పడిపోవడాన్ని గుర్తించే సెన్సర్ ఇంజిన్ని ఆపేస్తుంది. తాళం ఆపి మళ్లీ తిప్పితే సర్దుకుంటుంది.

బండి కదిలించకముందే రెండు బ్రేకులూ, ముందుదీ వెనకదీ, నొక్కి చూడండి. లివర్ మెత్తగా అనిపిస్తే గాలి చేరిందన్నమాట, కొన్నిసార్లు నొక్కి వదిలితే గట్టిపడుతుంది, పడకపోతే ఆ బ్రేకును నమ్మకండి. బ్రేక్ ఆయిల్ రంగు మీద కారితే వెంటనే నీళ్లతో కడిగేయండి, పెయింట్‌ని తినేస్తుంది. థ్రాటిల్ తిప్పి వదిలితే తనంతట తాను వెనక్కి రావాలి, హ్యాండిల్ కొన నొక్కుకుపోతే అది ఇరుక్కుంటుంది. చక్రం సూటిగా ఉండి హ్యాండిల్ వంకరగా కనిపిస్తే ఫోర్కులు క్లాంపుల్లో మెలితిరిగి ఉంటాయి. క్లాంప్ బోల్టులు వదులు చేసి సరిచేసి మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి: ఒక క్లచ్ లివర్, ఒక బ్రేక్ లివర్, వీలైతే గేర్ రాడ్, ఎపాక్సీ పుట్టీ, జిప్ టైలు, గట్టి టేపు. ఇంజిన్ కవర్‌లో చిన్న చీలిక వస్తే ఆయిల్ పూర్తిగా తుడిచి, పెట్రోల్ గుడ్డతో జిడ్డు పోగొట్టి, గరుకు కాగితంతో రుద్ది పుట్టీ పెట్టండి. ప్యాకెట్ మీద రాసినంత సేపు ఆరనివ్వకుండా ఇంజిన్ వేడి చేస్తే ఊడిపోతుంది.

ఇంటికి చేరాక గార్డు బోల్టులన్నీ విప్పి చూడండి, వంగినవి తిన్నగా చేసి వాడకుండా కొత్తవి వేయండి. పైపు కొద్దిగా సొట్టపోతే అలాగే ఉంచొచ్చు. వెల్డింగ్ దగ్గర సన్నటి పగులు కనిపిస్తే మాత్రం ఆ గార్డు మార్చేయండి.